చేతులూపుకుంటూ వెళ్లని మనిషి

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు మీద తప్ప అది ఇంకెక్కడా కనపడదు. వీధి వీధంతా ఆయన్ని రిపేరు బాబాయి అంటుంది. ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, నీళ్ల మోటార్లు, ఏది మొరాయించినా ఆయన కొట్టుకే చేరుతుంది. కొట్టంటే అదేదో పెద్ద కొట్టనుకునేరు. ఆయన లోపల కూర్చుంటే వచ్చినవాళ్లు బయట నిలబడాలి, వచ్చినవాళ్లు లోపలికి అడుగుపెడితే ఆయన బయటికి రావాలి. బాబాయి భార్య కాబట్టి ఆవిడ రిపేరు పిన్ని అయింది. ఆ మాట చెవినపడితే ఆవిడకి ఒళ్లు మండుతుంది. "నన్నెవరైనా విప్పి బిగించారా, నాకెందుకా రిపేరు?" అంటుంది.

కొట్టు మీద వచ్చేది ఇంటికి సరిపోతుంది. అంటే నెల మొదట్లో సరిపోతుంది, నెలాఖర్లో సరిపెట్టుకోవాలి. అలాంటి ఇంటికి పుట్టినరోజులనీ, పరీక్ష పాసయిందనీ, కొత్త ఇల్లు కట్టామనీ పిలుపులొస్తూనే ఉంటాయి. వెళ్లకపోతే మనుషులు దూరమవుతారు. వెళ్తే చేతులూపుకుంటూ వెళ్లలేం. పిలిచినవాళ్లకల్లా ఒక డబ్బాకి రంగు కాగితం చుట్టి పట్టుకెళ్తే మన పొయ్యి మీదకి గిన్నె ఎక్కదు. ఇలాంటప్పుడు కొందరు ఉన్నట్టుండి జ్వరం తెచ్చుకుంటారు. బాబాయికి నటన చేతకాదు. పైగా ఆయనకి విందులంటే మహా ఇష్టం. అందుకని తనకంటూ ఒక పద్ధతి కనిపెట్టుకున్నాడు. జేబులో చిన్న స్క్రూడ్రైవరు వేసుకుని వెళ్తాడు. ఆ ఇంట్లో పాడైన వస్తువేదో వెతికి పట్టుకుని, బాగుచేసి, భోంచేసి వస్తాడు. అదే ఆయన బహుమతి.

దానికీ మర్యాదలున్నాయి. "మీ ఇంట్లో ఏం పాడైంది?" అని అడగకూడదు, కంటితోనే పట్టాలి. బాగయ్యాక "ఇది చెడిపోయింది" అనకూడదు, "దుమ్ము చేరింది, అంతే. సరుకు మాత్రం మంచిది" అనాలి. ఇంటాయన అంతకుముందు తనే దాన్ని విప్పి చూసి ఉంటే, ఆయన అటు తిరిగినప్పుడే ముట్టుకోవాలి. ఇంటికి ఒక్కటే చేయాలి. రెండోది కంటపడినా కళ్లు మూసుకోవాలి, లేకపోతే అది బహుమతి కాదు, కూలిపని అవుతుంది. ఇలా దర్జీ ఇంట్లో కుట్టుమిషను మోటారు బాగైంది, పంతులమ్మ ఇంట్లో కాలింగ్ బెల్లు బాగైంది. ఏడాదిగా మోగని బెల్లు మర్నాడు పొద్దున్నే మోగేసరికి పంతులమ్మ హడలిపోయి, తలుపు తీయకుండా కిటికీలోంచి చుట్టుపక్కల వాళ్లని కేకేసిందట. అయినా బాబాయి ఎవరికీ చెప్పుకోలేదు. గుట్టుగా ఇస్తేనే అది బహుమతి అని ఆయన నమ్మకం.

ఇంత మర్యాదస్తుడూ ఒకచోట బోర్లాపడ్డాడు. పిన్నికి ఒక అక్క ఉంది. ఆవిడ భర్త పెద్ద ఆఫీసులో మేనేజరు, అంటే బాబాయికి తోడల్లుడు. వాళ్లు కొత్త ఇంట్లోకి మారినప్పుడు ఘనంగా విందు చేశారు. హాల్లో ట్యూబ్‌లైటు ఒకటి టపటపా కొట్టుకుంటుంటే బాబాయి మనసు ఊరుకోలేదు, స్టూలెక్కాడు. అదే సమయానికి మేనేజరుగారి పైఅధికారి వచ్చాడు. బాబాయిని చూసి, పనికి పిలిపించిన మనిషి అనుకుని, చేతిలో ఒక నోటు పెట్టి, "ఆ బాత్‌రూమ్ బల్బు కూడా చూడవయ్యా" అన్నాడు. కాదంటే పెద్దాయన నొచ్చుకుంటాడని బాబాయి నోటు తీసుకుని వెళ్లి బాత్‌రూమ్ బల్బు కూడా బిగించొచ్చాడు. తర్వాత భోజనాల దగ్గర "ఈయన మా తోడల్లుడండీ" అని మేనేజరుగారు పరిచయం చేస్తే, ఆ పైఅధికారికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది.

ఆ పూట వంటగదిలో అక్కాచెల్లెళ్లకి మాటా మాటా పెరిగింది.

"మీ ఆయన్ని చుట్టంలా రమ్మంటే మెకానిక్‌లా వచ్చాడేంటే?" అంది అక్కగారు.

"మెకానిక్ మెకానిక్‌లా కాక ఎలా వస్తాడు? మీ ఆయన్లా మేనేజరై రమ్మంటే ఎక్కణ్ణించి తేవాలి?" అంది పిన్ని.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. రెండేళ్లు మాటల్లేవు. ఇద్దరిలో ఏ ఒక్కరు ముందు పలకరించినా రెండోవాళ్లు పరిగెత్తుకొచ్చేవాళ్లే, కానీ ఇద్దరిదీ ఒకటే మొండితనం, ఒకే తల్లి పెంపకం. పిన్ని ఈ రెండేళ్లలో బాబాయిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కూర తరుగుతూ తరుగుతూ ఆగిపోయి గోడకేసి చూస్తూ కూర్చునేది. నా మూలంగానే కదా అని బాబాయి కుమిలిపోయేవాడు. ఊళ్లో ఎన్ని మిషన్లు బాగుచేసినా ఇది మాత్రం ఆయన చేతికి అందడం లేదు.

అలాంటి సమయంలో మేనేజరుగారి రిటైర్మెంటు పార్టీకి పిలుపొచ్చింది. ఫోన్ చేసింది మేనేజరుగారే. ఆయన పిలవడంలో దిట్ట. బస్సులో పక్కన కూర్చున్నవాణ్ణి, చెప్పులు కుట్టేవాణ్ణి, రాంగ్ నంబరు చేసినవాణ్ణి కూడా పిలిచే మనిషి. ఆ లెక్కన ఇది పెద్ద విశేషమేమీ కాదు. కానీ పిన్ని ఫోన్ పెట్టేశాక కొంగుతో కళ్లొత్తుకుంది.

"అక్క చేయమనే ఉంటుంది. లేకపోతే బావకి మన నంబరు ఎక్కడ గుర్తుంటుంది?" అంది. తర్వాత బాబాయివైపు తిరిగి, "ఈ ఒక్కసారి చుట్టంలా రండి. కొన్న బహుమతే పట్టుకెళ్దాం. మీరు కుర్చీలో కూర్చోవాలి, కూర్చునే ఉండాలి. పైన ఏం కొట్టుకున్నా, ఏం ఊగినా తలెత్తకూడదు. మా అక్క నాకు కావాలండీ" అంది.

బాబాయి తలూపాడు. ఆవిడ అంతగా ఏదీ అడగలేదు ఇన్నేళ్లలో.

బహుమతుల కొట్లో అమ్మాయి మొదటి ప్రశ్నే, "ఎంతలో చూడమంటారు సార్?" అని.

"ఇచ్చేవాళ్ల స్తోమతలోనా, పుచ్చుకునేవాళ్ల స్తోమతలోనా?" అన్నాడు బాబాయి అమాయకంగా. ఆ అమ్మాయి మొహం అటు తిప్పుకుని నవ్వింది.

పిన్నికి ఇలాంటివాటిలో ఖచ్చితమైన అభిప్రాయాలున్నాయి. విలువ కనపడాలి గానీ ధర కనపడకూడదు. పెద్ద పెట్టెలో చిన్న వస్తువు పెడితే మోసం, చిన్న పెట్టెలో పెద్ద వస్తువు పెడితే నష్టం. గాజుది వద్దు, దారిలో పగిలితే డబ్బూ వస్తువూ రెండూ పోతాయి. బొమ్మలు వద్దు, వాళ్లింట్లో ఉన్నవే దుమ్ము తుడుచుకోలేక చస్తున్నారు. ఆరు కప్పుల సెట్టు అందని ధరలో ఉంది, నాలుగు కప్పులదైతే మిగతా రెండూ ఏవని అడుగుతారు. బాబాయి మూలనున్న ఒక దీపం దగ్గర ఆగిపోయాడు. వెలగని దీపం, అందుకే సగానికి సగం తగ్గించి పెట్టారు. "స్విచ్చి లోపల చిన్న లూజు, అంతే. రెండు నిమిషాల పని" అన్నాడు. పిన్ని ఆయన చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. చివరికి చెక్క ట్రే ఒకటి కొన్నారు. ధర చీటీ గోటితో గీకీ గీకీ తీసేసి, అంటుకుపోయిన జిగురు మీద కొబ్బరినూనె రాసి తుడిచి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది పిన్ని.

బయల్దేరే ముందు ఆవిడ బాబాయి జేబులు తడిమింది. చొక్కా జేబు, ప్యాంటు జేబులు, మేజోళ్లు కూడా వదల్లేదు. స్క్రూడ్రైవరు బీరువాలో పెట్టి తాళం వేసింది. పెళ్లినాటి ఫొటోలో బాబాయి మొహం ఎంత బిక్కగా ఉందో, ఆ పూటా అంతే బిక్కగా ఉంది.

పార్టీ ఇల్లు కిటకిటలాడుతోంది. మేనేజరుగారు గుమ్మంలోనే నిలబడి వచ్చినవాళ్లందరినీ కావలించుకుంటున్నారు. లోపల హాల్లో మాత్రం ఎవరూ ఎవర్నీ కావలించుకునే స్థితిలో లేరు, చెమటలు కారిపోతున్నాయి. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, గాలే లోపలికి రావడానికి మొహమాటపడుతోంది. నడినెత్తిన పెద్ద ఫ్యాను కదలకుండా వేలాడుతోంది. కాగితపు పళ్లేలతో విసురుకుంటూ జనం ఒకళ్లనొకళ్లు జాలిగా చూసుకుంటున్నారు.

"ఏం చేయమంటారు చెప్పండి? సరిగ్గా ఇవాళే పాడైంది. మెకానిక్ ఇదిగో వస్తా అదిగో వస్తా అని పత్తా లేడు" అని అక్కగారు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పుకుంటోంది.

పిన్ని ట్రే అందించింది. అక్కగారు అందుకుని, "ఇవన్నీ ఎందుకు?" అంది, చెల్లెలి మొహం చూడకుండా గోడ గడియారం చూస్తూ.

"బాగున్నావా అక్కా?"

"ఆఁ. బాగున్నా."

అంతే. ఆవిడ వంటగదిలోకి వెళ్లిపోయింది. పిన్ని ఖాళీ చేతులతో అక్కడే నిలబడింది. రెండేళ్ల తర్వాత కలిసిన అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోవాల్సిన మాటలా అవి? బాబాయి కుర్చీలో కూర్చున్నాడు, మాట ఇచ్చాడు కాబట్టి తలెత్తలేదు. కానీ తలెత్తకపోయినా ఫ్యాను ఆయనకి కనపడుతూనే ఉంది. ఆ రోజు నేను చెడగొట్టిన పరువు ఈ ట్రేతో బాగవుతుందా, అనుకున్నాడు. వదినగారు ఇంతమంది ముందు ఫ్యాను గురించి అంత బాధపడుతోంది. ఆవిడకి ఇప్పుడు కావలసింది ట్రేనా, గాలా?

ఇంక ఆయన్ని ఎవరు ఆపగలరు? మంచి మనసుతో చేసే తప్పుకి పగ్గాల్లేవు.

జేబులో పనిముట్టు లేదు. బల్ల మీద కేకు ఉంది, కేకు పక్కన కత్తి ఉంది. బాబాయి ఆవలించినట్టు లేచాడు, బల్ల పక్కగా నడిచాడు, కత్తి మాయమైంది. గుమ్మం పక్కనున్న మెయిన్ స్విచ్చి మెల్లగా దించాడు. "కరెంటు కూడా పోయింది!" అని హాలంతా మూలిగింది. కిటికీలోంచి వచ్చే సాయంత్రపు వెలుగులో స్విచ్చిబోర్డు మరలు కత్తి మొనతో విప్పి చూశాడు. లోపల ఫ్యాను వైరు ఊడి ఉంది. ఊడిపోవడం కాదు, ఊడదీసి ఉంది. దాని కొసకి, వేలు తెగితే వేసుకునే మందు పట్టీ ఒకటి శుభ్రంగా చుట్టి ఉంది. ఇంకో మనిషైతే ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించేవాడు. బాబాయికి ఆలోచన రాలేదు, కోపం వచ్చింది.

మరో పక్క మేనేజరుగారు కరెంటు లేకపోతేనేం కేకు కోద్దామని ముందుకొచ్చి, చెయ్యి చాచి, "కత్తేదీ?" అంటున్నారు. అందరూ బల్ల కిందా కుర్చీల కిందా కత్తి కోసం వంగారు. వాళ్లు లేచేసరికి వెలుగొచ్చింది, దాంతోపాటు ఫ్యానూ తిరిగింది. హోరున గాలి. కేకు మీద వెలిగించిన కొవ్వొత్తి ఆరిపోయింది. హాలంతా చప్పట్లు.

"ఎవడో పనికిమాలినవాడు వైరుకి పట్టీ వేసి పోయాడండీ! వాడి చేతులు విరగ్గొట్టాలి. వాణ్ణి ఇంకెప్పుడూ గుమ్మం తొక్కనివ్వకండి, వదినగారూ!" అని కత్తి పైకెత్తి ప్రకటించాడు బాబాయి.

వంటగది గుమ్మంలో నిలబడ్డ అక్కగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆనందంతో నోట మాట రాలేదేమో అనుకున్నాడు.

"మా తోడల్లుడండీ! బంగారం చేతులు!" అన్నారు మేనేజరుగారు, మొనవంగిన కత్తితో కేకు కోస్తూ. ఆ మాట విని ఒక పెద్దమనిషి బాబాయి దగ్గరికొచ్చాడు. ఆయనకి పెద్ద హాస్టలు ఉంది. "మా హాస్టల్లో గదికో ఫ్యాను, సగం మూలుగుతున్నాయి. సోమవారం రండి, అన్నీ మీకే ఇస్తాను. ఏడాదంతా మీరే చూసుకుందురు గాని" అన్నాడు. బాబాయి కాళ్లు నేలకి రెండంగుళాలు పైన తేలాయి. పిన్ని కూడా దూరం నుంచి విన్నది. కళ్లెర్రజేద్దామని వచ్చిన మనిషి ఆ మాటతో ఆగిపోయింది.

గాలి తగిలాక జనం పువ్వుల్లా విచ్చుకున్నారు. వెళ్లొస్తామంటూ చెప్పులు వెతుక్కుంటున్నవాళ్లు వెనక్కొచ్చి కూర్చున్నారు. ఎవరో పేకముక్కలు తీశారు. ఒకావిడ పిల్లవాణ్ణి ఫ్యాను కింద పడుకోబెట్టి జోకొడుతోంది. మేనేజరుగారు హాలు మధ్యలో నిలబడి, "భోంచేయకుండా ఒక్కరు కూడా కదలడానికి వీల్లేదు!" అని కేకేశారు.

బాబాయి చేతులు కడుక్కుందామని వంటగదివైపు వెళ్లాడు. లోపలి మాటలు విని గుమ్మం బయటే ఆగిపోయాడు.

"మళ్లీ చేశాడు కదే మీ ఆయన!" అంటోంది అక్కగారు.

"జేబులు తడిమి మరీ తీసుకొచ్చానక్కా. కేకు కత్తి సంగతి నాకు తట్టలేదు" అంటోంది పిన్ని. "అయినా ఫ్యాను బాగైతే నీకు మంచిదేగా?"

"ఏం మంచి? ఆ వైరు తీసింది నేను! ఆ పట్టీ వేసింది నేను! మీ ఆయన అందరి ముందూ చేతులు విరగ్గొడతానన్నది నన్నే!"

తర్వాత అక్కగారి గొంతు తగ్గింది. "మీ బావ సంగతి నీకు తెలియదా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. దారినపోయేవాళ్లందరినీ పిలుచుకొస్తారు. ఇన్నాళ్లూ జీతం ఉంది, ఏదో లాక్కొచ్చాను. అప్పుడూ ఫ్యాను ఆపే లాక్కొచ్చాననుకో. గాలి లేకపోతే కేకు ముక్క తిని, టీ తాగి, భోజనాల దాకా ఉండకుండా పోతారు. ఎవరి పరువూ పోదు. ఇప్పుడు చూడు, ఇంతమందికి నేనేం పెట్టను? పదిమందికి వండాను. ఈ పూట గిన్నె అడుగు కనపడి, నలుగురూ నవ్వారంటే, నువ్వూ వద్దు, మీ ఆయనా వద్దు, ఈ గుమ్మం మర్చిపోండి." ఆ చివరి మాట కోపంగా మొదలై ఏడుపుగా ముగిసింది.

పొమ్మనలేక పొగబెట్టడం అని పెద్దలన్నారు. పొమ్మనలేక ఫ్యాను ఆపడం బాబాయి ఇప్పుడే విన్నాడు. గుమ్మం బయట ఆయన పరిస్థితి కుడితిలో పడ్డ ఎలకలా ఉంది. లోపల పిన్ని, "ఏడవకక్కా, గుడ్లున్నాయా? రొట్టెలున్నాయా? ఏదో ఒకటి చేద్దాం" అంటూ గిన్నెలు కదుపుతోంది. ఎన్ని గుడ్లు కొడితే ఆ హాలు నిండుతుంది? ఈ పూట గడవకపోతే పిన్నికి అక్క ఇంక లేనట్టే. అది ఆయనకి స్పష్టంగా తెలిసింది. ఏం చేయాలో కూడా తెలిసింది, కాకపోతే అది ఆయన ఎన్నడూ చేయని పని. చేతికొచ్చిన వస్తువును బాగుచేయడమే గానీ, పాడుచేయడం ఆయన ఎరగడు.

హాల్లోకి వచ్చి, తల పైకెత్తి, "అబ్బే, శబ్దం వస్తోంది" అన్నాడు.

"ఏ శబ్దం? మాకేం వినపడటం లేదే" అన్నారు పేకాటవాళ్లు.

"మీకు వినపడదు. ఒక్క నిమిషం." మళ్లీ కత్తి తీసుకున్నాడు, మళ్లీ మెయిన్ దించాడు. వైరు పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకున్నాడు. లాగేశాడు. జేబులో వేసుకున్న పట్టీని తీసి, వదినగారు చుట్టినట్టే చుట్టాడు. బోర్డు మూసి, మెయిన్ ఎత్తాడు. దీపాలు వెలిగాయి. ఫ్యాను మాత్రం రెక్క కదపలేదు.

"ఏమైంది బాబాయ్?"

"కాలిపోయింది" అన్నాడు. "నా పొరపాటే. ముట్టుకోకుండా ఉండాల్సింది."

హాలంతా ఒక్కసారి ఉసూరుమంది, తర్వాత నవ్వులు మొదలయ్యాయి. "బంగారం చేతులన్నారు, పూత పోయిందండోయ్!" అన్నాడొకడు. "ఊరుకున్నంత ఉత్తమం లేదు బాబాయ్" అన్నాడు ఇంకొకడు. నిద్రలేచిన పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుంటే వాళ్లమ్మ బాబాయిని చూసిన చూపు చెప్పనలవి కాదు. హాస్టలాయన మొహం తుడుచుకుంటూ వచ్చి, "సోమవారం సంగతి... ఉండనివ్వండి, నేనే కబురు చేస్తాను" అన్నాడు. కబురు చేస్తానంటే చేయనని అర్థం. బాబాయి నవ్వుతూ తలూపాడు. ఆ నవ్వు నవ్వడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో చూసినవాళ్లెవరూ లేరు, వంటగది గుమ్మంలో నిలబడ్డ ఇద్దరు అక్కాచెల్లెళ్లు తప్ప.

పిన్నికి క్షణంలో అర్థమైంది. ఆయన చేతిలో కాలిన ఫ్యాను ఆవిడ ఇంతవరకూ చూడలేదు. "మా ఆయన చెయ్యి పెడితే..." అని ముందుకు దూకబోయి ఆగిపోయింది. అసలు సంగతి చెబితే అక్క పరువు, చెప్పకపోతే మొగుడి పరువు. మెకానిక్‌ని ఇంట్లో వదిలేసి రమ్మన్న మనిషే, ఇప్పుడు ఆ మెకానిక్‌ని చేతకానివాడంటుంటే మింగలేక కక్కలేక నిలబడింది.

జనం ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఒకరికి బస్సు గుర్తొచ్చింది, ఒకరికి గొళ్లెం పెట్టని తలుపు గుర్తొచ్చింది. వండింది వండినట్టే ఉంది. మేనేజరుగారు ఖాళీ కుర్చీల మధ్య కూలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఆయాసపడుతున్నారు.

"ఏమనుకోకు తమ్ముడూ, ఇంత పేరున్నవాడివి, ఒక ఫ్యాను చేతకాకపోవడమేంటి? నా ఆఖరి పార్టీ! అందరూ ముఖాలు మాడ్చుకుని పోయారు. రేపు మంచి మెకానిక్‌ని చూసి పిలిపిస్తాను."

"అలాగే అన్నయ్యగారూ" అన్నాడు బాబాయి.

"అలాగే ఏంటి అలాగే?" అక్కగారి గొంతు వంటగదిలోంచి ఆవిడ కంటే ముందొచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది. "ఆయన్ని ఇంకొక్క మాట అంటే ఊరుకోను. ఫ్యాను కాలలేదు. నేను ఆపాను. మీరు పిలిచిన ప్రతిసారీ నేనే ఆపాను. ఇవాళ నా బండారం బయటపడకూడదని ఆయన తన పేరు పోగొట్టుకున్నాడు. హాస్టలు పని చేతిదాకా వచ్చి పోయింది, నా కళ్లారా చూశాను. వండింది చాలక, పొమ్మనలేక ఆపానండీ. ఇన్నేళ్లలో మీరు ఒక్కసారైనా ఎంతమందికి వండావని అడిగారా?"

మేనేజరుగారు ఫ్యానుకేసి చూశారు, పెళ్లాంకేసి చూశారు. "అంటే అది తిరుగుతుందా?" అన్నారు.

"తిరుగుతుంది."

"మరి వెయ్యవే తల్లీ, చచ్చిపోతున్నాను!"

బాబాయి లేవబోయాడు. అక్కగారు ఆయన్ని కూర్చోమని, కత్తి అందుకుని, మెయిన్ దించి, బోర్డు విప్పి, వైరు తగిలించి వచ్చింది. బాబాయి కన్నా తొందరగానే చేసింది. ఏళ్ల అలవాటు కదా. గాలి తిరిగింది. నలుగురూ ఆ గాలి కిందకి కుర్చీలు లాక్కుని కూర్చున్నారు.

"హాస్టలాయనకి ఫోన్ చేయండి" అంది అక్కగారు.

"ఏమని చేయను? మా ఇంట్లో తిండి చాలక మిమ్మల్ని తరిమేశామనా?"

"అవును. అలాగే చెప్పండి."

"వద్దు అన్నయ్యగారూ, పోనివ్వండి" అన్నాడు బాబాయి.

"మీరు ఊరుకోండి" అంది పిన్ని. అంటూనే పక్కకి తిరిగి కళ్లొత్తుకుంది. "ట్రేతో సరిపెడదామనుకున్నాం కదండీ. మన తాహతుకి మించింది ఇచ్చేశారు మీరు."

మేనేజరుగారు ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. జన్మలో ఎవరినీ ఇంట్లోంచి పొమ్మనని మనిషి, లేదన్న మాట నోట రాని మనిషి. గొంతు సవరించుకుని నంబరు నొక్కారు. "నేనేనండీ... ఫ్యాను మావాడు బాగానే చేశాడండీ. మళ్లీ తనే ఆపేశాడు... ఎందుకంటే, మీరంతా ఉండిపోతే మా ఇంట్లో... పెట్టడానికి లేదండీ." ఆ మాట అనేసి కళ్లు గట్టిగా మూసుకున్నారు. తర్వాత ఫోన్లోంచి పెద్దగా నవ్వు వినపడింది, ఆగకుండా, దగ్గు వచ్చేదాకా.

ఫోన్ పెట్టేసి ఆయన కళ్లు తెరిచారు. "సోమవారం తప్పకుండా రమ్మన్నాడు తమ్ముడూ. ఇంకో సంగతి కూడా చెప్పాడు. వాళ్లావిడ అన్నగారు ప్రతి ఆదివారం టీవీ చూడ్డానికి పొద్దున్నే వచ్చి రాత్రిదాకా కూర్చునేవాడట. ఆరునెలల కిందట ఆ టీవీ పాడైందట. ఎంతమంది మెకానిక్‌ల పేర్లు చెప్పినా వాళ్లావిడ వద్దంటోందట. ఎందుకో ఇప్పుడు అర్థమైందన్నాడు."

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వడం మొదలుపెట్టారు. ఏది నవ్వో ఏది ఏడుపో వాళ్లకే తెలియడం లేదు. పిన్ని ఆయాసం తీర్చుకుంటుంటే అక్కగారు ఆవిడ చెయ్యి వదలకుండానే, బాబాయి పళ్లెంలో ఇంత పెద్ద గరిటెతో వడ్డించింది.

"సోమవారం వెళ్లండి, ఫ్యాన్లన్నీ చూడండి" అంది. "ఆ టీవీ జోలికి మాత్రం పోకండి, మరిదిగారూ."